ఎర్రగడ్డకు పంపవలసిన యంత్రము

హైదరాబాదు నగరమున పుట్టి పెరిగినవారి నోట ఎర్రగడ్డ యను మాట ఒక పేట పేరుగా కంటె ఒక ఎత్తిపొడుపుగానే తరచుగా వినబడుచుండును. తలతిక్కగా మాటలాడువానిని చూచి "వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి" అనుట ఇచ్చట పరిపాటి. ప్రభుత్వ మానసిక చికిత్సాలయము అచ్చట నుండుటచేత పుట్టిన ఈ నానుడి, రోగుల యెడ దయగల మాట కాదని యెరిగియు, నగరవాసులు నేటికిని విడువలేదు. అయితే ఇది మనుష్యులకే కాక యంత్రములకును అన్వయించిన కాలమొకటి కలదు. 2000 సంవత్సరమునకు అటునిటుగా, అమీర్‌పేట సందులలోని నెట్ సెంటరులలో, అడుగని ప్రకటనల కిటికీలు ఒకదానిపై నొకటి తెరచుకొని, మౌసు బాణము ఇసుక గడియారముగా మారి, కీబోర్డుపై ఏ మీట నొక్కినను యంత్రము ఉలుకక పలుకక బిగుసుకొని పోయినపుడు, దానియెదుట కూర్చుండిన కుర్రవాడు విసుగుతో అనెడి మాట ఇదియే: "ఈ సిస్టం‌ను ఎర్రగడ్డకు పంపాలిరా!" అతడు హాస్యమునకే అనెను గాని, ఆ మాట మరియొక విధమున అక్షరసత్యము, ఏలయనగా ఎర్రగడ్డలో ఆదివారము నాడు రహదారి వెంబడి సాగు పాతసామానుల సంతకు, నగరములో కాలము చెల్లిన యంత్రములలో కొన్ని ఎట్లును చేరుచునే యుండెను.

ఈ రెండు ఎర్రగడ్డల నడుమ, అనగా పిచ్చికిని పాతబడుటకును నడుమ, ఒక వృత్తి పుట్టి, ఇరువదియేండ్లయినను నిండకుండగనే అణగిపోయినది. బిగుసుకొనిన బ్రౌజరును విడిపించి, తెరపై మూగిన పాప్-అప్ కిటికీలను తరిమివేసి, యంత్రమునకు మరల తెలివి తెప్పించు వృత్తి యది. దానికి శాసనములు లేవు, కులవృత్తులకు వలె పురాణము లేదు. అయినను తెలుగునాట చదువుకొనిన ఒక తరమంతయు ఆ వైద్యుల చేతిమీదుగా ఇంటర్నెట్టును ఎరిగినది గనుక, వారి ముచ్చట కొంత వ్రాసియుంచుట మేలని తోచినది.

భారతదేశమున ఇంటర్నెట్టు సామాన్యులకు అందుబాటులోనికి వచ్చినది 1995 ఆగస్టు 15వ తేదీన, విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా. 1998 నవంబరులో ప్రైవేటు సంస్థలకును ఆ సేవ నందించుటకు అనుమతి లభించెను. అదే నెల 22వ తేదీన నాటి ప్రధాని వాజపేయి మాదాపూరులో సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించెను. నగరము పడమరకు సాగుట ఆ భవనముతో మొదలయ్యెనని చరిత్రకారులు వ్రాయుదురు గాని, ఆ భవనములోనికి పోవలసిన పిల్లలు తయారైనది మాత్రము అమీర్‌పేటలో. మైత్రీవనము, దానిని ఆనుకొనిన స్వర్ణజయంతి సముదాయము, వాటి యెదుటి సందులలోని మేడలు, ఆ మేడల మెట్లక్రింది గదులు సైతము కంప్యూటరు శిక్షణాలయములై, ఒక్కొక్క గదిలో నూర్లకొలది విద్యార్థులు భుజము భుజము రాచుకొని కూర్చుండి జావాయు, ఒరాకిలును, అంతకుముందు రెండువేల సంవత్సరపు తేదీల చిక్కు కొరకు కోబాలును నేర్చుకొనుచుండిరి. సంజీవరెడ్డి నగరపు హాస్టళ్లలో నలుగురైదుగురు ఒక గది పంచుకొని, ఉదయము క్లాసు, మధ్యాహ్నము ల్యాబు, సాయంత్రము నెట్ సెంటరు అను దినచర్యతో నెలలు గడపుచుండిరి.

అమీర్‌పేట కూడలిలో బస్సు దిగినవాడు పది అడుగులు వేయక మునుపే అతని చేతిలో అయిదారు కరపత్రములు పడెడివి. ఇరుప్రక్కల నిలిచిన కుర్రవాండ్రు, వచ్చువాడు విద్యార్థియో, కూరగాయలకు పోవు ముసలివాడో చూడక, "ఫ్రీ డెమో సార్, రేపటి నుంచి కొత్త బ్యాచ్" అనుచు రంగురంగుల కాగితములను చేతిలో కుక్కెడివారు. వలదని చేయి వెనుకకు తీసికొనినచో చొక్కా జేబులోనికి త్రోసెడివారు. ఆ కాగితములను చదివినవాడు నూటికొక్కడైన నున్నాడో లేడో గాని, సాయంత్రమునకు కాలిబాట మీద అవి అరచేయి మందమున పరచుకొని యుండుట నేను కన్నులార చూచితిని. ఇప్పటి మెట్రో మెట్ల క్రిందను ఆ ఆచారము పూర్తిగ సమసిపోలేదు. పాప్-అప్ అను పదార్థమును ఎవరికైన వివరింపవలసివచ్చినచో నేను ఆ కరపత్రమునే చూపుదును. బాట నడుచువాని దారికి అడ్డముగా వచ్చి, అతని అనుమతి నడుగక, అతని చూపును ఒక్క క్షణము దొంగిలించుటయే దాని స్వభావము. ఆ క్షణమునకు ఎవరో ఎక్కడనో పైకము చెల్లించుచుందురు.

తెరమీది కరపత్రము పుట్టినది మాత్రము అమెరికాలో. నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ అను యువకుడు 1995 మే నెలలో పది దినములలో కల్పించిన జావాస్క్రిప్టు అను భాష, పుటలకు కదలికను, చేతలను ప్రసాదించెను. ఆ చేతలలో క్రొత్త కిటికీని తెరచుట యొకటి. దానిని ప్రకటనకు వాడవచ్చునని మొదట కనిపెట్టినవారిలో నొకడు, ట్రైపాడ్ అను సంస్థలో పనిచేసిన ఈథన్ జుకర్‌మన్. జనులు తమ సొంత పుటలను ఉచితముగా నెలకొల్పుకొను స్థలము ట్రైపాడ్. ఒక మోటారుకార్ల సంస్థవారు తమ ప్రకటన ఒక అశ్లీలపుటపై వెలసినదని మండిపడగా, ప్రకటనను పుటమీద కాక వేరు కిటికీలో చూపినచో ఆ రెంటికిని సంబంధము లేనట్లు తోచునని యోచించి, అతడు ఆ కొలది పంక్తులను వ్రాసెను. అనగా లోకమును విసిగించిన ఈ ఉపద్రవము పుట్టినది దురాశవలన గాక మర్యాదవలన! 2014లో అతడు ఆ తప్పును బహిరంగముగ ఒప్పుకొని క్షమాపణ వ్రాసెను. అప్పటికి జరుగవలసిన దంతయు జరిగిపోయెను.

నా అనుభవము ఒకటి చెప్పెదను. 2001లో కాబోలు, మైత్రీవనము వెనుక ఒక సందులో, ప్లైవుడ్డు పలకలతో గూళ్లుగా విభజించిన ఒక నెట్ సెంటరులో, గంటకు 30 రూపాయల చొప్పున చెల్లించి, ఒక ఉత్తరము పంపుటకు కూర్చుంటిని. పాటల కొరకు ఎవరో అంతకుముందు తెరచిన పుట యొకటి మూయబడక మిగిలియుండెను. దానిని మూసితిని. మూసిన వెంటనే రెండు కిటికీలు తెరచుకొనెను. వానిని మూయగా నాలుగు వచ్చెను. దేవీమాహాత్మ్యములోని రక్తబీజుని కథ ఆ వేళ నాకు జ్ఞప్తికి వచ్చెననిన అతిశయోక్తి కాదు. నేలపై బడిన ఒక్కొక్క నెత్తురుచుక్కనుండి ఒక్కొక్క రక్కసుడు లేచినట్లు, నా ప్రతి నొక్కుడునకును ఒక ప్రకటన లేచుచుండెను. పుట మూయబడు క్షణమున మరియొక కిటికీని తెరువుమని ఆ పుటలోనే ఆజ్ఞ వ్రాయబడియుండునని నాకు నాడు తెలియదు. గూళ్ల వెంట తిరుగుచుండిన నెట్ సెంటరు పిల్లవాడు, పదునెనిమిదేండ్లవాడు, నా భుజముమీదుగా వంగి చూచి అనెను:

"అన్నా, ఆ ఎక్స్ మీద కొట్టకు. అది ఎక్స్ కాదు, ఎక్స్ బొమ్మ."

పరికించి చూడగా నిజమే. ప్రకటన బొమ్మలోనే ఒక మూలన మూయుగుర్తును చిత్రించియుండిరి. దానిని నొక్కుట యనగా ప్రకటనను నొక్కుటయే. ఇంతలో యంత్రము బిగుసుకొనిపోయినది. పెట్టెమీది ఎర్రదీపము ఆగకుండ మిణుకుమనుచుండెను. పిల్లవాడు తొందరపడలేదు. మొట్టమొదట బల్లక్రిందికి దూరి, పెట్టె వెనుకనున్న నెట్ తీగను పెరికివేసెను.

"ముందు తాడు పీకాలె అన్నా. నీళ్లు బంద్ చేస్తెనే నల్లా రిపేరైతది."

తీగ తీయగనే క్రొత్త కిటికీలు బొమ్మలు లేని తెల్లకాగితములై వచ్చి, క్రమముగ నిలిచిపోయినవి. పిదప అతడు ఆల్ట్ మీటతో ఎఫ్-4 మీటను చేర్చి నొక్కుచు, ఒక్కొక్క కిటికీని మెడ విరిచినట్లు మూసివేసెను. ఒకటి మాత్రము చావలేదు. దానికి కంట్రోల్, ఆల్ట్, డిలీట్ అను మూడు మీటల ప్రయోగము జరుపగా, ఆ కిటికీ పేరుప్రక్కన "నాట్ రెస్పాండింగ్" అను మాట కనబడెను. దానిని బలవంతముగ ముగింపగనే నేను సగము వ్రాసిన ఉత్తరమును దానితో సహగమనము చేసినది. ఏలయనగా నాటి బ్రౌజరులో కిటికీలెన్ని యున్నను వానికి ప్రాణము తరచుగ ఒక్కటియే. ఒకటి పోయినచో అన్నియు పోయెడివి.

బిగుసుకొనుటకు కారణము దయ్యము కాదు. పుటను తెరపై చిత్రించు పనియు, పుటలోని ఆజ్ఞలను నెరవేర్చు పనియు ఒకే వరుసలో ఒకదాని వెనుక నొకటి జరుగవలసియుండుటచేత, ఒక దుష్టపుట తన ఆజ్ఞను ఎడతెగక త్రిప్పుచున్నంతసేపు తెర మారదు, మీట వినబడదు. దీనికి తోడు ఆ కాలపు అసెంబుల్డ్ యంత్రములకు 32 లేక 64 మెగాబైట్ల జ్ఞాపకమే గతి. కిటికీలు పెరిగినకొలది అది నిండిపోయి, యంత్రము హార్డు డిస్కును అరువు జ్ఞాపకముగ వాడుకొనవలసివచ్చెడిది. ఎర్రదీపము మిణుకుమనుట ఆ యాతనకు గుర్తు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు విండోసుతో పెనవేసికొని యుండుటచేత, బ్రౌజరుకు తలనొప్పి వచ్చినచో ఒక్కొక్కసారి యంత్రమంతయు మూలుగుచుండెను.

ఈ పిల్లవానివంటివారే క్రమముగ వైద్యులైరి. శిక్షణాలయములో జావా నేర్చుచు, ఫీజునకై రాత్రులు నెట్ సెంటరు కాచుచు, ఆదివారములు ఇండ్లకుపోయి యంత్రములను బాగుచేసి వచ్చెడివారు. వారి సంచిలో స్క్రూడ్రైవరు ఒకటి, కుంచె ఒకటి, మార్కరుతో పేర్లు వ్రాసిన సీడీలు పదో పన్నెండో ఉండెడివి. పాప్-అప్‌లలో రెండు జాతులున్నవని వీరికి అనుభవముచేత తెలియును. పుటనుండి వచ్చునవి ఒక జాతి. పుట మూసి, తీగ పెరికిన తరువాతను వచ్చునవి రెండవ జాతి. ఈ రెండవది యంత్రములోనే కాపురముండు చీడ. ఉచితముగ ఇచ్చెదమని చెప్పిన ఏ పాటలపెట్టెతోనో, ఏ టూల్‌బారుతోనో, తెరమీద గంతులువేయు బోంజీబడ్డీ అను ఊదారంగు కోతితోనో అది లోపల ప్రవేశించెడిది. హోంపేజీని తనంత తానే మార్చివైచి, యజమాని మరల సరిదిద్దినను తెల్లవారునప్పటికి యథాస్థానమున తానే కూర్చుండెడిది. ఇంట్లో మోడెము గలవారికి ఇంకొక గండము కూడ నుండెను: డయలరు అను చీడ పట్టినచో అది యజమాని కెరుకలేకుండ విదేశముల నంబర్లకు ఫోను కలిపెడిది; నెలాఖరున బిల్లు చూచినప్పుడే రోగము బయటపడెడిది.

శాస్త్రప్రకారము చికిత్స చేయువారు మొదట ప్రోగ్రాముల పట్టికలో అక్కరలేనివానిని తొలగించి, ఎంఎస్‌కాన్ఫిగ్ తెరచి యంత్రముతోపాటు మేల్కొను వానిని నిద్రపుచ్చి, సేఫ్ మోడులో యాడ్-అవేర్, స్పైబాట్ వంటి శోధనలు నడపి, తాత్కాలిక ఫైళ్లను కుకీలను ఊడ్చివైచి, అప్పటికిని లొంగనిచో హైజాక్‌దిస్ అను పరికరముతో ఒక్కొక్క వరుసను చదివి దొంగను పట్టెడివారు. ఇట్టివారు అరుదు. తక్కినవారికి ఒక్కటే మందు: "ఫార్మాట్ కొట్టి విండోస్ ఎక్కిస్తా సార్, రెండు గంటలు." ఈ ఫార్మాటు చికిత్సను గూర్చి నాకు సదభిప్రాయము లేదు. తలనొప్పికి తల తీయుట చికిత్స యగునా? ఎన్ని యిండ్లలో పిల్లల తొలి పుట్టినరోజు ఛాయాచిత్రములు, పెండ్లి జాబితాలు, సగము వ్రాసిన పరిశోధన వ్యాసములు ఆ రెండుగంటలలో మంటగలిసినవో లెక్క చెప్పువారు లేరు. "డేటా సీ డ్రైవులో ఉందా, డీలో ఉందా?" అని ముందుగ అడిగినవాడే నా దృష్టిలో వైద్యుడు.

నెట్ సెంటరులవారు ఈ మతిమరపునే ఒక వ్యవస్థగ మార్చుకొనిరి. డీప్ ఫ్రీజ్ అను ప్రోగ్రాము నెక్కించినచో, దినమంతయు వచ్చిపోవువారు ఎన్ని చీడలు దింపినను, యంత్రమును ఆపి మరల నడపగనే నిన్నటి స్థితికి చేరుకొనును. బిగుసుకొనిపోవుట యను రోగమునకు బిగదీయుట యను పేరుగల మందు దొరకుట విచిత్రమే. ఆ సంగతి తెలియక తన రెజ్యూమెను డెస్కుటాపుమీద దాచుకొని పోయి, మరునాడు వచ్చి వెదకుకొను అభాగ్యుని మొగము చూడవలసినదే!

తెలుగువారికి ఈ రోగము ఒకింత ఎక్కువగా అంటుటకు మన లిపియు కొంత కారణమని నా అనుమానము. యూనికోడులో తెలుగునకు 1991లోనే చోటు దొరకినను, విండోసులో గౌతమి అను ఖతి 2001లో ఎక్స్‌పీతో గాని రాలేదు. నడుమనున్న సంవత్సరములలో ఈనాడు మొదలైన పత్రికల సైటులు తమతమ సొంత ఖతులను వాడుచుండుటచేత, తెలుగు అక్షరము తెరపై కనబడవలెనన్న ముందుగ ఏదియో దింపుకొనవలసియో, తెరపై లేచిన ప్రశ్నకు అంగీకారము చెప్పవలసియో వచ్చెడిది. మాతృభాష చదువుకొను నాశతో "యస్" నొక్కుటకు అలవాటుపడిన వ్రేలు, తరువాతి పుటలో ఏ దొంగ అడిగినను "యస్" అనుటలో వింత యేమున్నది? ఈ ఖతుల చిక్కును విడదీయుటకు నాగార్జున వెన్న రూపొందించిన పద్మ అను ఉపకరణము, ఫైర్‌ఫాక్సులో ఇమిడి, పత్రికల ఖతులను యూనికోడునకు మార్చి చూపెడిది. దానికొరకై ఫైర్‌ఫాక్సునకు మారిన తెలుగు పాఠకులకు పాప్-అప్‌ల బాధయు తగ్గుట కలిసివచ్చిన లాభము.

ఏలయనగా పాప్-అప్‌ల నివారణ బ్రౌజరులనుండియే వచ్చినది. ఆపెరా 2000 ప్రాంతమున, మొజిల్లా 2002లో, అడుగని కిటికీలను ద్వారముకడనే ఆపు విద్యను బ్రౌజరులోనే అమర్చినవి. జనులలో అధికసంఖ్యాకులు నాడు వాడిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరునకు ఆ బుద్ధి 2004 ఆగస్టులో, ఎక్స్‌పీ రెండవ సర్వీసు ప్యాకుతో పుట్టెను. అదే ఏడు నవంబరు 9న ఫైర్‌ఫాక్స్ 1.0 వెలువడెను. 2008 సెప్టెంబరులో గూగులువారి క్రోము వచ్చి, సాధ్యమైనంతవరకు ఒక్కొక్క ట్యాబునకు వేరువేరు ప్రాణము పోయగా, ఒకటి బిగిసినను తక్కినవి బ్రతుకుట సాధ్యమయ్యెను. నా ఉత్తరము ఏడేండ్లు ఆలస్యముగ వ్రాసియుండినచో దక్కియుండెడిది.

వైద్యుల పని ఇట్లు సగము పోయినది. నెట్ సెంటరులను ఇంటింటి బ్రాడ్‌బ్యాండు, చేతిఫోను మింగినవి. 2011 ఏప్రిలులో వచ్చిన కేంద్ర నిబంధనలు గూళ్ల గోడలు నాలుగున్నర అడుగులు మించరాదనియు, వచ్చినవారి గుర్తింపుపత్రము చూచి వివరములు ఏడాదిపాటు దాచవలెననియు శాసించినవి. ఆ ప్లైవుడ్డు గూళ్లు కోసి పొట్టిచేసిన వడ్రంగికే ఆ వ్యాపారములో చివరి లాభము దక్కినదని అమీర్‌పేటలో ఒకరు నాతో నవ్వుచు అనిరి. నెట్ సెంటరులలోని యంత్రములు పరీక్షాఫలితముల దినములలో మాత్రము కొన్నాళ్లు కళకళలాడి, తరువాత జిరాక్సు దుకాణముల మూలకు చేరినవి. అమీర్‌పేటలోని సత్యం థియేటరు కూడ పోయి దానిచోట 2023లో మాలు వెలసినది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరునకు 2022 జూను 15న దాని తల్లిసంస్థయే సెలవు చెప్పినది.

పాప్-అప్ మాత్రము వేసము మార్చుకొని బ్రతికియే యున్నది. 2015 నుండి క్రోములో పుటలకు నోటిఫికేషను పంపు అధికారము కలిగినది. "అలౌ నొక్కినగాని వీడియో రాదు" అని మభ్యపెట్టి, ఒక్కసారి అంగీకారము పొంది, తరువాత బ్రౌజరు మూసియున్నను ఫోను తెరమీద గంటకొక ప్రకటన దించు సైటులు నేడు కొల్లలు. నా బంధువుల ఇండ్లలో నేను ఇప్పటికిని చేయు వైద్యము ఇదియే: సెట్టింగులలో సైట్ సెట్టింగులు తెరచి, నోటిఫికేషనులలో ఎవరెవరికి అనుమతి ఉన్నదో చూచి, ముక్కుమొగము తెలియని పేర్లన్నిటిని తొలగించుట, పిదప ఎక్స్‌టెన్షనులను ఒక్కొక్కటిగ ఆపి, ఏది ఆపినప్పుడు బ్రౌజరు తేలికపడునో గమనించుట. తొంబదిపాళ్లు ఇంతటితో సరి. తెర నిండ ఎర్రరంగు పరచి, మోతమోగించి, "మీ యంత్రమునకు వైరసు సోకినది, ఈ నంబరునకు ఫోను చేయుడు" అని బెదరించు పుట ఎదురైనచో మాత్రము పెద్దవారు హడలిపోవుదురు. అది చిత్రించిన ఎక్స్ గుర్తునకు పినతమ్ముడు మాత్రమే. ఆ నంబరునకు ఫోను చేయరాదు. ట్యాబును గాని బ్రౌజరును గాని బలవంతముగ మూసిన చాలును. పైకము పోయినవారికి 1930 అను నంబరు కలదు. చీడను దులుపు ఉచిత పరికరములను కేంద్రప్రభుత్వపు సైబర్ స్వచ్ఛతా కేంద్రము 2017 ఫిబ్రవరి నుండి ఇచ్చుచున్నది. అమీర్‌పేట వైద్యులకు ఆ కాలమున ఇట్టి ఆసరా ఏదియు లేదు.

అమీర్‌పేటలో మియాపూరు వైపు మెట్రో ఎక్కినచో మూడవ స్టేషను ఎర్రగడ్డ. మొన్నొక ఆదివారము అచ్చట దిగి సంత వెంట నడచితిని. పాత బూట్లు, సుత్తెలు, ఛార్జరుల చిక్కుముడులు, మూతలేని మిక్సీలు పరచిన పట్టలనడుమ ఒకచోట నాలుగైదు కంప్యూటరు పెట్టెలు ఒకదానిపై నొకటి పేర్చియుండెను. పైపెట్టె ప్రక్కన ఏదో శిక్షణాలయపు స్టిక్కరు సగము చినిగియున్నది; "సిస్టం 14" అను అంకె మాత్రము మిగిలినది. పనిచేయునా యని అడిగితిని.

"ఆన్ అయితది సార్. లోపల ఏముందో మీ నసీబు."

అని అతడు మాటలాడుచునే క్రింది పెట్టె మూత విప్పి, మెమరీ కార్డును ఒంటిచేత్తో పెరికి జేబులో వేసికొని, వట్టి రేకుపెట్టెను తక్కెడమీద పెట్టెను.